కదలకండి గారి కొత్త కీలు

మా బావ ఆపరేషనుకు వెళ్లే ముందు తన ఫోటో తనే తీసుకుని, పెద్ద సైజులో ప్రింటు వేసి, తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. నాది ఫ్రేములు కట్టే కొట్టు. ఆయనది పక్కనే ఫోటో స్టూడియో. మధ్యలో ఒకటే గోడ. ఆయన మా అక్క మొగుడు కాబట్టి ఆ గోడకు ఇటూ అటూ మొహమాటాలు లేవు.

ఫోటోలో బావ నిటారుగా కూర్చుని ఉన్నాడు. రెండు చెవులూ సమానంగా కనపడుతున్నాయి. కనుబొమల్లో వెంట్రుకలు విడివిడిగా తెలుస్తున్నాయి. నవ్వు మాత్రం లేదు. నవ్వు కూడా కదలికేనని ఆయన వాదన.

"దీనికి ఫ్రేము కట్టాలి. నల్ల చెక్క, సన్న అంచు," అన్నాడు.

"ఎప్పటికి కావాలి బావా?"

"నాకక్కర్లేదు. అవసరమైతే మీ అక్క అడుగుతుంది."

నాకు ఒళ్లు మండింది. తుంటి కీలు మార్పించుకోవడానికి వెళ్తున్న మనిషి అనాల్సిన మాటేనా అది? నోరు చేసుకున్నాను కూడా. ఆయన చెవిన వేసుకోలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, చెక్క తనే ఏరి, నేను మూలలు కోస్తుంటే ఎక్కడైనా సందు మిగులుతుందేమోనని కళ్లజోడు పైకి నెట్టుకుని చూశాడు. ఒక మూల విప్పించి మళ్లీ కట్టించాడు. అద్దం తుడిపించాడు. అంతా అయ్యాక, "ఫోటో ఇప్పుడే బిగించకు, మీ అక్క చూస్తే ఏడుస్తుంది," అని ఖాళీ ఫ్రేమును కాగితంలో చుట్టించి నా గోడకే తగిలించి, చేతికర్ర ఊతంగా వెళ్లిపోయాడు. ఫోటోను సొరుగులో బోర్లా పెట్టి తాళం వేశాను. ఆ కళ్లతో కళ్లు కలపడం నా వల్ల కాలేదు.

మా వీధిలో బావను ఎవరూ పేరు పెట్టి పిలవరు. కదలకండి గారు అంటారు. పోస్టుమేన్ కూడా అలాగే అంటాడు. స్టూడియోలోకి ఎవరు వచ్చినా ఆయన ముందుగా కుర్చీ చూపిస్తాడు. తర్వాత వచ్చి గడ్డం కింద ఒక్క వేలు పెట్టి మొహాన్ని తనకు కావలసిన వైపు తిప్పుతాడు. భుజాలు సర్దుతాడు. కాలరు లాగుతాడు. వెనక్కి నడిచి కెమెరా దగ్గర నిలబడి, "కదలకండి," అంటాడు. ఆ మాట గట్టిగా అనడు. అయినా ఏడుస్తున్న పిల్లలు నోరు తెరిచినవాళ్లు తెరిచినట్టే ఆగిపోతారు. ఒకసారి పోలీసాయన ఒకరు గుర్తింపు కార్డు ఫోటోకు వచ్చి, బావ లోపలికెళ్లి బ్యాటరీ మార్చుకు వచ్చేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. కొత్త కెమెరాలు వచ్చాక అంత అవసరం లేదని అందరికీ తెలుసు. బావకూ తెలుసు. కానీ ఆయన లెక్కలో కదిలే మనిషికీ బాగుపడే మనిషికీ సంబంధం లేదు.

ఆ స్టూడియో ఆయన అన్నయ్య పెట్టింది. పని నేర్పిందీ ఆయనే. లోపలి గోడ మీద, కుర్చీకి ఎదురుగా, ఆ పెద్దాయన ఫోటో ఉంటుంది. తీసింది బావ. కట్టింది నేను. పెద్దాయన ఒకరోజు స్టూడియోలో లైటు బల్బు మారుస్తూ స్టూలు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. తొడ దగ్గర్నించి కాలి వేళ్ల దాకా కట్టు వేశారు. వారాల తరబడి మంచం మీదే. బావ స్టూడియో మూసేసి పక్కనే కూర్చున్నాడు. కట్టు విప్పిన రోజున పెద్దాయన లేచాడు, గుమ్మం దాకా నడిచాడు, "అబ్బ, ఎన్నాళ్లకురా," అన్నాడు, కూలబడ్డాడు. అంతే. డాక్టరు వచ్చి గుండె ఆగిందన్నాడు.

బావ వాళ్లింట్లో మాత్రం తీర్పు వేరుగా ఖాయమైంది. లేచాడు, పోయాడు. అప్పట్నించి ఆ ఇంట్లో ఎవరికి ఏ రోగం వచ్చినా మందు తర్వాత సంగతి, ముందు పడకేయాలి. అక్కకు జలుబు చేస్తే బావ కాఫీ మంచం దగ్గరికే తెచ్చి, "లేవకు, నీకు పుణ్యముంటుంది," అని బతిమాలేవాడు. అక్క మొదట్లో విసుక్కుంది. కొన్నేళ్లకు తనూ ఆ మతంలో కలిసిపోయింది.

ఇక బావ తుంటి సంగతి. కెమెరా వెనక ఎప్పుడూ ఒంటికాలి మీద బరువు వేసి నిలబడే అలవాటు వల్లో, వయసు వల్లో, కుడి తుంటి అరిగిపోయింది. నడుస్తుంటే తలుపు కిర్రుమన్నట్టు మొహం పెట్టేవాడు. ఎంత చెప్పినా డాక్టరు దగ్గరికి రాలేదు. కానీ ఒకరోజు నొప్పికి ఒళ్లు తూలి, ఒక టీచరమ్మ ఫోటో వణికింది. ఆ స్టూడియోలోంచి వణికిన ఫోటో ఒక్కటీ బయటికి పోలేదు. బావ దాన్ని చింపి, ముక్కలు జేబులో వేసుకుని, మర్నాడే ఎముకల డాక్టరు దగ్గరికి బయల్దేరాడు. తోడు నేను.

డాక్టరు ఎక్స్‌రే చూసి కీలు మార్చాలన్నాడు. బావ తలాడించాడు. కోస్తామన్నాడు, తలాడించాడు. పాత ఎముక తీసి లోహపు కీలు పెడతామన్నాడు, అదీ బాగానే ఉందన్నట్టు తలాడించాడు.

"సాయంత్రానికి లేపి నిలబెట్టేస్తాం," అన్నాడు డాక్టరు.

"ఎవర్నండీ?" అన్నాడు బావ.

"మిమ్మల్నే. చూడండి, ఆపరేషన్ కన్నా నాకు దాని తర్వాతే భయం. మంచం మీద పడుంటే కాళ్లలో రక్తం గడ్డకడుతుంది. అందుకే రక్తం పల్చబడడానికి పొట్టకి రోజూ ఇంజెక్షన్ ఇస్తాం. కాళ్లకి బిగుతు మేజోళ్లు వేస్తాం. పిక్కలకి గాలి తొడుగులు కడతాం. ఇవన్నీ మా పని. పాదాలు ఆడించడం, లేచి నడవడం మీ పని. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా గడ్డకట్టిందా ఎప్పుడైనా?"

"లేదండీ," అన్నాడు బావ. అబద్ధం చెప్పలేదు. ఆయనకు తెలిసింది ఆయన చెప్పాడు. నాకూ అంతే తెలుసు, పక్కన కూర్చుని నేనూ లేదనే తలూపాను.

ఇంటికొచ్చే దారిలో ఆయన, "సాయంత్రానికేనా?" అని నన్ను రెండుసార్లు అడిగాడు. కోతకు భయపడే మనిషి కాదు, నాకు తెలుసు. ఆయన భయమంతా లేవడానికే. ఆ మర్నాడే ఫోటో తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

ఆపరేషను చక్కగా జరిగింది. డాక్టరు బయటికొచ్చి చెయ్యి కలిపాడు. అక్క ఏడ్చింది, అది సంతోషం ఏడుపు కాబట్టి పట్టించుకోలేదు. బావను గదిలోకి తెచ్చారు. రెండు పిక్కలకూ తొడుగులు కట్టారు. మంచం చివర ఒక చిన్న మిషను ఉంది. అది గాలి ఊది తొడుగును బిగిస్తుంది, వదులుతుంది, మళ్లీ బిగిస్తుంది. బావ కళ్లు తెరిచి ఆ మిషను వైపు, పేరంటానికి పిలవకుండా వచ్చినవాణ్ని చూసినట్టు చూశాడు.

సాయంత్రం వ్యాయామం చేయించే అమ్మాయి వాకరు తోసుకుంటూ వచ్చింది. "తాతగారూ, పాదం పైకి, కిందికి. ఇలా. పిక్క బిగుసుకోవాలి. తర్వాత మెల్లగా లేద్దాం."

బావ మర్యాదగా నవ్వాడు. ఒక పాదం పైకి అన్నాడు. కిందికి అన్నాడు. కళ్లు మూసుకున్నాడు. "తల తిరుగుతోందమ్మా," అన్నాడు. ఆ అమ్మాయి బీపీ చూసింది, బాగానే ఉంది. కానీ తల తిరగడాన్ని ఏ మిషనూ కాదనలేదు కదా. వాకరు తోసుకుంటూ వెళ్లిపోయింది. ఆమె వెళ్లగానే బావ కళ్లు తెరిచి పైకప్పు చూస్తూ, చేతులు రెండూ పక్కలకు ఆనించి, తన ఫోటో తనే తీసుకుంటున్నట్టు బిగిసి పడుకున్నాడు.

మర్నాడూ అదే కథ. ఈసారి నిద్ర. అక్క గుమ్మంలో కాపలా. "ఇప్పుడే కన్నంటుకుందమ్మా, పాపం, తర్వాత రా," అంటుంది. లోపల బావ కాలు కాదు కదా, కాలి వేలు కూడా కదిలించడు. ఆ అమ్మాయికి తల ప్రాణం తోకకొచ్చింది. నన్ను వరండాలో పట్టుకుంది.

"మీ బావగారు చాలా మంచి పేషెంటండీ. పోయినవాళ్లు కూడా ఇంత బుద్ధిగా పడుకోరు. కొంచెం చెడ్డగా ఉండమని చెప్పండి."

చెప్పాను. తిట్టాను కూడా. "ఆ అమ్మాయి చెప్పినట్టు చెయ్యి బావా, డాక్టరు కన్నా నీకెక్కువ తెలుసా?"

"తెలీదురా. కానీ అన్నయ్య పోవడం డాక్టరు చూళ్లేదు. నేను చూశాను," అన్నాడు. అని పైకప్పు వైపు తిరిగాడు. ఫ్రేములు కట్టేవాణ్ని, నేనేం చెప్పను.

ఆ మధ్యాహ్నం నేను అన్నం తీసుకుని వెళ్లేసరికి గదిలో చప్పుడు లేదు. మిషను ఆగి ఉంది. తొడుగులు చక్కగా మడతపెట్టి కుర్చీ మీద ఉన్నాయి.

"ఏమైందే ఇది?"

"నేనే తీశాను," అంది అక్క, ఇల్లు సర్దినంత తృప్తిగా. "ఊరికే పిసుకుతూ ఉంది. ఆయన్ని ఒక్క నిమిషం కుదురుగా ఉండనివ్వట్లేదు."

నేను దుప్పటి తొలగించి చూశాను. బావ కుడి పిక్క ఎడమ పిక్క కన్నా లావుగా ఉంది. వేలు ఆనిస్తే అబ్బా అన్నాడు. నర్సును కేకేశాను. నర్సు వచ్చి చూసి, ఏమీ అనకుండా, కొంచెం వేగంగా బయటికి నడిచింది. ఏమైనా అనుంటే బాగుండేది. డాక్టరు వచ్చాడు, పిక్క చూశాడు, మడతపెట్టిన తొడుగులు చూశాడు, అక్కను చూశాడు.

"గడ్డ కట్టిందేమో చూడాలి. వెంటనే స్కాన్ తీద్దాం. అది అక్కణ్నించి ఊడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదికొస్తుంది," అన్నాడు.

అక్క గబగబా తొడుగులు తీసి మళ్లీ ఆయన కాళ్లకు చుట్టబోయింది. నాకు మాత్రం నా గోడకు కాగితంలో చుట్టి వేలాడుతున్న ఫ్రేము కళ్ల ముందుకొచ్చింది. మూలలు ఎంత బాగా కుదిరాయో గుర్తొచ్చింది. నా పని నాకే అసహ్యం వేసింది. బావ పోతే నాకు తిట్టడానికి ఎవరున్నారు? ఆ పక్క గోడ అవతల ఎవరో కొత్తవాడు సెల్‌ఫోన్లు రిపేరు చేసుకుంటూ ఉంటాడు. ఆ ఆలోచనకే నాకు ఏడుపొచ్చింది. స్ట్రెచరు తోస్తూ వెళ్తున్నాను కాబట్టి ఎవరూ చూడలేదు.

స్కాన్ గది చీకటిగా ఉంది. అక్కా నేనూ గోడ పక్కన నిలబడ్డాం. డాక్టరమ్మ బావ కాలి మీద చల్లటి జిగురు పూసి, చేతిలో పరికరం ఆనించి, తెర వైపు తిరిగి అంది:

"కదలకండి."

బావ మొహం వెలిగిపోయింది. ఆసుపత్రిలో అడుగుపెట్టాక తెలివైన మనిషి మొదటిసారి తగిలినట్టు ఆమెను చూశాడు.

తెర మీద బూడిద రంగులో ఏవో పొరలు, మధ్యలో నల్లగా చిన్న గుండ్రం. ఆమె పరికరంతో నొక్కింది. గుండ్రం నలిగి గీతైంది. వదిలితే మళ్లీ గుండ్రమైంది. తొడ మొదలుకుని కిందికి జరుపుతూ, నొక్కుతూ వదులుతూ వస్తోంది. బావ తల తిప్పి తెర చూస్తున్నాడు. బొమ్మ ఉన్న చోట ఆయన చూపు వేరే చోటికి పోదు.

"అదేంటమ్మా?"

"మీ రక్తనాళం. నొక్కితే మూసుకుపోతే మంచిది. లోపల గడ్డ ఉంటే మూసుకోదు."

ఆ మాట విన్నాక మేం ముగ్గురం ప్రతి గుండ్రం కోసం ఊపిరి బిగబట్టాం. మోకాలు దాటింది. మూసుకుంది. పిక్క దగ్గరికొచ్చింది. ఆమె ఒకచోట ఆగింది, మళ్లీ నొక్కింది, ఇంకోసారి నొక్కింది. అదీ మూసుకుంది.

"లేదు," అంది. "వాపు ఆపరేషన్ వల్ల వచ్చిందే. ఇప్పటికైతే గడ్డ లేదు."

అక్క ఆ మిషనుకే దణ్ణం పెట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది. బావ మాత్రం తెర మీంచి కళ్లు తిప్పలేదు. ఆమె ఏదో మీట నొక్కింది. మిషనులోంచి సన్నగా, దూరంగా గాలి వీచినట్టు చప్పుడు వచ్చింది.

"ఇది మీ రక్తం పారుతున్న చప్పుడు. ఎంత నెమ్మదిగా ఉందో విన్నారా? ఇప్పుడు పాదం ఒక్కసారి పైకనండి."

"కదలొద్దన్నారుగా?"

"ఇప్పుడు కదలమంటున్నాను."

బావ పాదం పైకన్నాడు. చప్పుడు ఒక్కసారిగా హోరున లేచింది. బావ ఉలిక్కిపడ్డాడు. పాదం దించాడు, మళ్లీ ఎత్తాడు. మళ్లీ హోరు. ఆపాడు. మళ్లీ అదే సన్నటి చప్పుడు. ఆమె చాలన్నా ఆయన ఆడిస్తూనే ఉన్నాడు.

"పిక్క బిగుసుకున్నప్పుడల్లా రక్తాన్ని పైకి నెడుతుంది," అంది డాక్టరమ్మ. "కదలకుండా పడుకుంటే నెట్టేవాళ్లుండరు. నిలిచిపోయిన చోట గడ్డ కడుతుంది. ఒక్కోసారి నొప్పి కూడా తెలీదు. మనిషి బాగానే ఉన్నాడనుకుంటాం. వారాల తర్వాత మంచం దిగి నాలుగడుగులు వేసేసరికి అది ఊడి పైకి పోతుంది. అక్కడే కూలిపోతారు."

బావ పాదం ఆగిపోయింది.

"గుమ్మం దాకా వెళ్లి... అలా?" అన్నాడు.

"వెళ్లొచ్చు."

"లేచినందుకేనా, తల్లీ?"

"లేచినందుకు కాదండీ. అన్నాళ్లు లేవనందుకు."

తిరిగొస్తుంటే లిఫ్టు దగ్గర బావ నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్నయ్య పక్కన కూర్చుంది నేనేరా," అన్నాడు. "కాలు తిమ్మిరిగా ఉంది, కొంచెం ఆడిస్తానంటే, వద్దన్నయ్యా కదలకూ అని పట్టుకుని కూర్చున్నాను. పగలంతా పట్టుకుని కూర్చున్నాను."

"అప్పుడు డాక్టర్లే కదలొద్దన్నారు బావా. నువ్వేం చేస్తావు?"

"వాళ్లు చెప్పి వెళ్లిపోయారు. పట్టుకుంది నేను."

ఆయన గడ్డం వణికింది. ఎంతమంది గడ్డాలో ఒక్క వేలితో నిలబెట్టిన మనిషి, తన గడ్డం నిలబెట్టుకోలేకపోయాడు. నేను లిఫ్టు బటన్ వెలుగుతున్నా నొక్కుతూ నిలబడ్డాను.

డాక్టరు మళ్లీ వచ్చినప్పుడు బావే అన్నయ్య సంగతంతా చెప్పాడు. డాక్టరు విని, "ఇది నాకు మొదటే చెప్పాల్సిందండీ," అన్నాడు.

"మీరు గడ్డ సంగతి అడిగారు. మాకు తెలిసింది లేచి పోవడమే," అన్నాడు బావ. డాక్టరు మందులు ఇంకొన్నాళ్లు ఎక్కువ వాడాలని రాసి, తొడుగులు తనే స్వయంగా కట్టి వెళ్లాడు.

సాయంత్రం ఆ అమ్మాయి వాకరుతో వచ్చేసరికి బావ మంచం అంచున కాళ్లు వేలాడేసుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆ అమ్మాయి తలుపు మీది గది నంబరు మళ్లీ చూసుకుంది. అక్క మాత్రం వాకరుకు అడ్డంగా నిలబడింది. స్కాన్ గదిలో అన్నీ విన్నది. విన్నది వేరు, ఇన్నేళ్ల భయం వేరు.

"ఇవాళొద్దండీ. రేపు లేద్దురు. నా మాట వినండి," అంది, ఏడుస్తూ.

"రేపటికి గడ్డ కడితే?"

"మీకేమన్నా అయితే?"

"జరగవే," అన్నాడు బావ. ఆయన గొంతు అంత మెత్తగా ఎప్పుడూ వినలేదు నేను. "అన్నయ్యని నేను ఆపాను. నన్ను నువ్వు ఆపకు."

అక్క పక్కకు తప్పుకుంది. పూర్తిగా కాదు, చెయ్యి ఆయన వీపు వెనకే ఉంచింది. బావ వాకరు పట్టుకుని లేచాడు. నుదుటి మీద చెమట. ఆ అమ్మాయి ముందుండి పిలుస్తోంది. బావ నా వైపు చూసి, "ఏరా, ఫోన్ ఉందా? తియ్యి," అన్నాడు.

నేను ఫోను తీశాను. అలవాటు చొప్పున, "బావా, కదలకు," అన్నాను.

"నోర్ముయ్," అన్నాడు బావ, అని గుమ్మం వైపు అడుగేశాడు. ఇంకో అడుగు. గుమ్మం దగ్గరికొచ్చి ఆగాడు. మేం ముగ్గురం ఆగాం. గడప దాటి వరండాలోకి కాలు పెట్టాడు. కూలబడలేదు. "ఇటా, అటా?" అని అడిగాడు.

కొన్ని వారాలకు బావ చేతికర్రతో నా కొట్టులోకి వచ్చాడు. నేను ఫోనులో తీసిన ఆ ఫోటోనే పెద్ద సైజులో ప్రింటు వేసి తెచ్చాడు. అందులో బావ కాళ్లున్న చోట పొగ ఉంది. వాకరు నాలుగు కాళ్లూ ఎనిమిదిగా ఉన్నాయి. మొహం సగం అలుక్కుపోయింది. అక్క చెయ్యి మాత్రం, బావ వీపు వెనక, స్పష్టంగా పడింది.

"షేక్ అయింది బావా," అన్నాను.

"నాకు తెలీదా? ఆ ఫ్రేము దించు."

కాగితం విప్పి, అద్దం తుడిచి, ఫోటో పెట్టి, వెనక అట్ట బిగించాను. కొలత సరిగ్గా సరిపోయింది. సొరుగులో ఉన్న పాత ఫోటో ఏం చేయమంటావని అడిగాను. ఎక్కడికి పోతుంది, ఉండనీ అన్నాడు.

ఫ్రేము పట్టుకుని ఇద్దరం స్టూడియోలోకి వెళ్లాం. కుర్చీకి ఎదురుగా, పెద్దాయన పక్కన చోటు చూపించాడు. స్టూలు ఎక్కి మేకు కొట్టాను, తగిలించాను, సరి చేశాను. "తిన్నగా ఉందా?" అని అడిగాను. తిరిగి చూస్తే బావ తన ఫోటో చూడటం లేదు. కర్ర మీద ఆనుకుని, కుడి పాదం మెల్లగా ఎత్తుతూ దించుతూ, పక్కనున్న అన్నయ్య మొహం చూస్తున్నాడు.

"అయిపోయిందన్నయ్యా," అన్నాడు, ఫోటో తీయడం పూర్తయ్యాక కుర్చీలో ఉన్నవాళ్లతో అన్నట్టే. "ఇక కదులు."

మేకు గట్టిగానే ఉంది. అయినా నేను ఫ్రేము దించి దానికి ఇంకో రెండు దెబ్బలు వేశాను.